రెండు మూరల ఎడం

గంగాభవాని ఎల్లాజీని మొదటిసారి చూసిన రోజున అతను సిమెంటు నేల మీద బోర్లా పడుకుని ఒక గినీ పిగ్‌ను బతిమాలుతున్నాడు.

"తినవే తల్లీ. నీ కోసరమే పూర్ణా మార్కెట్టుకెళ్లినాను. కాబేజీ ఆకులు ఏరుకుని, బస్సులో నిలబడి తెచ్చినాను. నువ్విలాగ మూతి తిప్పుకుంటే నానేటి సేసేది?"

భవాని గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంది. అతను తల తిప్పి చూశాడు గాని కంగారుపడలేదు. నెమ్మదిగా లేచి, చొక్కాకు అంటుకున్న రంపపు పొట్టు దులుపుకున్నాడు.

"ఎవరు నువ్వు?"

"ఎల్లాజీనండి. యారాడ మాది. యానిమల్ హౌసుకి కొత్తగా ఏసేరు. మీరు భవాని మేడమే కదండీ? కోపిష్టోరని ఆఫీసులో సెప్పేరు."

"ఆఫీసులో నిజమే చెప్పారు. ఈ వరసలో ఉన్నవాటితో మాట్లాడకూడదు. పనుంటే తప్ప తాకకూడదు. పేర్లు పెట్టకూడదు."

అతను మెడ వెనక గోక్కున్నాడు. "పేర్లు పెట్టీసినానండి."

"ఎన్నిటికి?"

"ఇరవై నాలుక్కీనండి."

భవానికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును పళ్ల బిగువున ఆపుకుని, సిరంజిల ట్రే తీసుకుని చక్కా వెళ్లిపోయింది. ఆమె కోపం ఎంత కష్టపడి నిలబెట్టుకున్న కోపమో ఆ కేంద్రంలో ఎవరికీ తెలియదు.

పెదవాల్తేరు దాటాక సముద్రం వైపు దిగే గుట్ట మీద ఉండేది ఆ పరిశోధన కేంద్రం. ముందు రెండు పెంకుటిళ్లు, మధ్యలో లేబరేటరీ, వెనకాల యానిమల్ హౌసు. కిటికీలోంచి చూస్తే అవుటర్ హార్బరు బయట వంతు కోసం ఆగిన ఓడలు కనబడేవి. అది పంతొమ్మిది వందల ఎనభై మూడు, జులై నెల. భవానికి ఇరవై ఆరేళ్లు. వాళ్ల నాన్న భీమశంకరరావు రామచంద్రపురం పక్క పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి పోర్టులో చేరి, ఇప్పుడు ఓడల సరుకు ఎత్తే వించి యంత్రం దగ్గర ఫోర్‌మన్ అయ్యాడు. సీతమ్మధారలో ఇల్లు కట్టుకున్నాడు. కూతురు చదువుతానంటే సరేనన్నాడు. రీసెర్చి చేస్తానంటే దానికీ సరేనన్నాడు. అయితే ఒక గడువు పెట్టాడు. మార్చిలో ఫెలోషిప్పు అయిపోతుంది, ఆ లోపల థీసిస్ ఒక కొలిక్కి రాకపోతే స్టీలు ప్లాంటు ఇంజనీరు సంబంధం ఖాయం చేసేస్తాడు. ఉక్కునగరంలో వాళ్లకు క్వార్టరు కూడా ఇస్తారట.

ఆమె పరిశోధన పేరు ఇంగ్లీషులో రాస్తే మూడు లైన్లు పట్టేది. తెలుగులో చెప్పాలంటే ఒక్క ప్రశ్నే. తోడు లేని ప్రాణి ఒంట్లో ఏం జరుగుతుంది? భయమేసినా, బెంగ పెట్టుకున్నా, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే చిన్న గ్రంథులు రక్తంలోకి కార్టిసాల్ అనే హార్మోను వదులుతాయి. బెంగ ఎంతన్నది నోరులేని జీవి చెప్పలేదు, రక్తం చెబుతుంది. అందుకని పన్నెండు గినీ పిగ్‌లను రెండేసి చొప్పున ఆరు గూళ్లలో పెట్టింది. మిగతా పన్నెండింటినీ ఒక్కో గూట్లో ఒక్కోదాన్ని ఉంచి, గూళ్లకు నంబర్లు వేసింది. ఒంటి గూళ్ల మధ్య రెండు మూరల ఎడం, మధ్యలో రేకు తెర. ఒకదానికొకటి కనబడకూడదు, తగలకూడదు. వారానికోసారి చెవి నరంలోంచి నాలుగు చుక్కల రక్తం తీసేది. దాన్ని ఐసు నింపిన డబ్బాలో పెట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు పంపితే, అక్కడ పరీక్ష చేసి కార్డు రాసేవాళ్లు.

ఆగస్టు మొదటి సోమవారం ప్రయోగం మొదలైంది.

ఎల్లాజీ పని చూస్తే వంక పెట్టడానికి వీల్లేదు. నీళ్లు, గడ్డి, నానబెట్టిన శనగలు, అన్నీ వేళకు జరిగిపోయేవి. మాటే మానలేదు. ఇంటర్ పాసయ్యాడు, డిగ్రీలో చేరి మానేశాడు. కారణం అడిగితే "సముద్రం అడ్డొచ్చిందండి" అనేవాడు. అన్న తాతబాబు పడవ నడుపుతాడట. ఒడ్డు మీద ఉద్యోగం చేసినవాడు వాళ్లింట్లో ఎల్లాజీ ఒక్కడేనట.

భవాని మధ్యాహ్నం క్యారియరు విప్పుకుని వెనక వరండాలో ఒక్కతే తినేది. రెండేళ్లుగా అదే అలవాటు. ఒకరోజు అతను స్తంభం పక్కన ఆగి అడిగాడు.

"మీరూ ఒంటి వరసేనా మేడమ్?"

"ఏమన్నావ్?"

"ఏటీ అనలేదండి. మీ నెంబరెంతో కనుక్కుందామని."

ఆమె ఉరిమి చూసింది. ఉరుముకు బెదిరే ఊరివాడు కాడు గనక అతను అక్కడే చతికిలబడి తన డబ్బా తెరిచాడు. నెత్తళ్ల వేపుడు వాసన వరండా అంతా నిండింది. గోదావరి మనిషి చేపను చూసి ఎంతసేపు మొహం తిప్పుకోగలదు? మూడో రోజుకి ఆమె క్యారియరు మూతలో నెత్తళ్లు, అతని డబ్బాలో ఆమె అమ్మ కాంతం చేసిన పనసపొట్టు కూర చేరాయి.

వాన సాయంత్రం నాలుగింటికి టైము చూసుకుని వచ్చినట్టే వచ్చేది. ఇద్దరూ వరండాలో చిక్కుకునేవారు. ఎల్లాజీ సముద్రం మీద మబ్బు చూసి "పావుగంటండి" అనేవాడు. పావుగంటకి వెలిసేది. "ఇరవై నిమిషాలండి" అంటే ఇరవై నిమిషాలే. అతని లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఒక శుక్రవారం మాత్రం "అరగంట పడతాది" అన్నాడు, అయిదు నిమిషాలకే వెలిసింది. ఎదర రోడ్డు మీద ఎండ కూడా వచ్చింది. అతను కదల్లేదు. ఆమె కూడా అరగంట అయ్యేదాకా లేవలేదు. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి చూసింది. అతను గోడకు చేరబడి కాళ్ల వైపు చూసుకుని నవ్వుకుంటున్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ తనూ నవ్వుకుందని భవాని తర్వాత చాలాకాలానికి ఒప్పుకుంది.

సెప్టెంబరు చివర హైదరాబాదు నుంచి నాలుగు వారాల ఫలితాలూ ఒక్కసారే వచ్చాయి.

మొదటి రెండు వారాలు అనుకున్నట్టే ఉన్నాయి. ఒంటి గూళ్లవాటి రక్తంలో కార్టిసాల్ జంటల కంటే రెట్టింపు. మూడో వారం ఆ తేడా సగానికి దిగింది. నాలుగో వారానికి జంటలకూ ఒంటివాటికీ తేడా లేదు. భవాని కాగితం మీద మూడుసార్లు లెక్క వేసింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

గైడు గవర్రాజు గారు తలపండిన మనిషి. గట్టిగా మాట్లాడరు, అదే భయం. కార్డులు పక్కన పెట్టి కళ్లజోడు తీశారు.

"రెండు వారాలు బెంగపడి, మూడో వారం బెంగ మానేశాయా? ఎవరు నమ్ముతారమ్మా?"

"లేబుళ్లు మళ్లీ చూస్తాను సార్."

"రక్తం కలిసిపోయిందా, గూళ్ల దగ్గర ఏమన్నా జరిగిందా? ఆ కొత్త కుర్రాడు ఎలాంటివాడు?"

"ఎల్లాజీ మీద అనుమానం వద్దు సార్. అతను నాకంటే జాగ్రత్త." భవాని కార్డులు దగ్గరకు తీసుకుంది. "లేబుళ్లు నేనే తారుమారు చేసి ఉంటాను. తప్పు నాది."

"నీదని రాసిస్తే ఈ బ్యాచ్ మొత్తం పక్కన పారెయ్యాలి. మార్చిలోపు ఇంకో బ్యాచ్‌కి నేను సంతకం పెట్టలేను. తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను."

నిజానికి ఆమె ఏ లేబులూ తారుమారు చేయలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కాని ఎక్కడో ఏదో జరిగింది, దానికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. ఆ ఎవరో టెంపరరీ ఉద్యోగం చేసుకునే ఎల్లాజీ కాకూడదనిపించింది. అలా ఎందుకనిపించిందో తనను తాను అడగడానికి భయపడింది.

మర్నాడు పొద్దున్నే ఆమె సిరంజిలు కడుగుతుంటే ఎల్లాజీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు అతని మొహంలో నవ్వు లేదు.

"మేడమ్, లేబుళ్లు తప్పు అవలేదండి."

"నీకెలా తెలుసు?"

"నానే సేసినాను. మూడో వారం సోమారం నించీ. సాయంత్రం మీరెళ్లిపోయాక రేకులు తీసీసి, గూడూ గూడూ ఆనించీసీవోణ్ణి. పొద్దున్న మీరొచ్చే ఏళకి మళ్లీ ఎక్కడివక్కడ జరిపీసీవోణ్ణి."

భవాని చేతిలో సిరంజి సింకులో పడింది.

"ఎందుకు?"

అతను గూళ్ల వైపు చూశాడు.

"ఊడవడానికి అడ్డంగా ఉన్నాయా?"

"కాదండి."

"మరి?"

"సెప్పలేనండి."

"రెండు నెలలు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. ఒక్కరోజైనా చెప్పాలనిపించలేదా?"

"సెప్తే ఆపీమంటారు. ఆపడానికి మనసొప్పలేదు."

"నిన్న నేను సార్ ముందు నీకోసం..." ఆమె మాట మధ్యలో ఆగిపోయింది.

"కిటికీ తీసుందండి. ఇన్నాను. అది ఇన్నాక మిమ్మల్ని సూడ్డానికి నాకు మొకం సెల్లలేదు. అందుకే సెప్తన్నాను."

భవానికి ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "నీకు పని తేలికవడానికి నా రెండేళ్ల కష్టం మట్టిలో కలిపావు. వెళ్లు ఇక్కణ్ణించి" అంది. అతను పని తేలిక కోసం కాదని ఇంకోసారి అనలేదు. గూళ్లు జరిపింది తనేనని నోట్‌బుక్ కాగితం మీద తెలుగులో రాసి, సంతకం పెట్టి గవర్రాజు గారి బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నానికి ఉద్యోగం పోయింది. గేటు దాటేముందు కొత్తగా వచ్చిన స్వీపరుకు ఏ గూటికి ఎంత గడ్డి వెయ్యాలో చెప్పి మరీ వెళ్లాడు.

వారం రోజులు భవాని ఎవరితోనూ మాట్లాడలేదు. వరండాలో క్యారియరు విప్పితే ముద్ద దిగేది కాదు. మోసపోయానన్న బాధ ఒకటి, అతను లేడన్న బాధ ఇంకొకటి. ఈ రెండోది మొదటిదాని కంటే పెద్దదని తెలిసి తన మీద తనకే చిరాకేసింది.

ఎనిమిదో రోజున ఆ కార్డులు మళ్లీ ముందు వేసుకుంది. ఈసారి అతని ఉత్తరం కూడా పక్కన పెట్టుకుంది. మూడో వారం సోమవారం. పగలంతా ఒంటరితనమే, అదే తిండి, అదే సూది, అదే చెయ్యి. మారింది ఒక్కటే. సాయంత్రం నుంచి పొద్దుటిదాకా పక్కదాని ఒళ్లు ఇనపవల గుండా తగులుతోంది. అవి ఒకే గూట్లో లేవు, కలిసి తినలేదు. పక్కకు ఆనుకున్నాయి, అంతే. ఆ మాత్రానికే రక్తంలో బెంగ సగానికి దిగింది.

ఆమె పరుగున గవర్రాజు గారి దగ్గరకు వెళ్లింది. ఆయన అంతా విని కార్డులు మళ్లీ తిరగేశారు.

"అనుకోకుండా జరిగిందాన్ని పరిశోధన అనరమ్మా. కావాలని మళ్లీ చేసి చూపించాలి. ఒంటివి కొన్ని, ఆనుకున్నవి కొన్ని, జంటలు కొన్ని. అలా చేస్తానంటే నేను సంతకం పెడతాను. అయితే అతను ఏ గూడు ఎటు జరిపాడో, ఎన్ని గంటలు ఉంచాడో వివరంగా కావాలి. ఉత్తరంలో అవేవీ లేవు."

అంటే యారాడ వెళ్లాలి.

అక్టోబరు రెండో వారం. మూడు రోజులు ఈదరగాలి, వాన. నాలుగో రోజు తెరిపిచ్చాక భవాని నోట్‌బుక్‌లో పదకొండు ప్రశ్నలు రాసుకుని బస్సెక్కింది. బస్సు కొండ మీదకి మూలుగుతూ ఎక్కి, అవతలి వైపు కొబ్బరితోటల్లోకి దిగింది. దిగిన దగ్గర ఎల్లాజీ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ నోటితో చెప్పలేదు, చెయ్యెత్తి చూపించారు.

ఒడ్డుకు దగ్గరగా తాటాకు కప్పిన ఇల్లు. అరుగు నిండా ఆడవాళ్లు కూర్చున్నారు. పాతిక మంది ఉంటారు. ఒకరి భుజానికి ఒకరి భుజం ఆనుకుని, ఎడం అన్నది లేకుండా కూర్చున్నారు. ఎవరూ మాట్లాడడం లేదు, ఏడవడం లేదు. అందరూ సముద్రం వైపే చూస్తున్నారు. మధ్యలో ఇరవై ఏళ్ల అమ్మాయి మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని ఉంది. ఆమె పక్కనున్న పెద్దావిడ కళ్లు అచ్చం ఎల్లాజీ కళ్లే.

గుమ్మం వారనున్న ముసలావిడ జోగమ్మ భవానిని ఎగాదిగా చూసి మెల్లగా చెప్పింది. "తాతబాబు పడవమ్మా. నలుగురెళ్లేరు. నిన్న రావాల. అది పెళ్లాం సిట్టమ్మ. ఇది తల్లి అప్పాయమ్మ. ఎల్లాజీ ఆ కొస వరకు ఎతుకుతన్నాడు."

భవాని నోట్‌బుక్ సంచీలో పెట్టేసింది. వెళ్లిపోవాలా, ఉండాలా తెలియలేదు. అరుగు చివర, అందరికీ కాస్త ఎడంగా, చీర కుచ్చెళ్లు సర్దుకుని కూర్చుంది. జోగమ్మ ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"దూరంగా కూకుంటే ఎలాగమ్మా? ఆనుకో."

భవాని ఆనుకుంది. పక్కావిడ ఎవరో తెలియదు. తడి చీర, చేపల వాసన, ఒళ్లంతా సన్నటి వణుకు. ఆ వణుకు భవాని భుజంలోకి పాకింది. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. ఎవరో ఒకరు లేచి వెళ్తే ఆ ఖాళీలోకి ఇంకొకరు వచ్చి చేరుతున్నారు తప్ప చోటు వదలడం లేదు. ఎప్పుడన్నది గమనించలేదు గాని, పక్కావిడ వణుకు తగ్గింది. తన గుండె దడ కూడా తగ్గింది. పడవ రాలేదు, భయం పోలేదు, అయినా ఊపిరి నిదానంగా ఆడుతోంది. భవానికి అప్పుడు అర్థమైంది. కళ్లనీళ్లు ఆగలేదు. ఏ పుస్తకంలోనూ చదవని సంగతి ఈ అరుగు మీద అందరికీ తెలుసు. ఊడవడం తేలికవుతుందని ఎల్లాజీ గూళ్లు జరిపాడనుకుంది తను. ఎంత మాట అంది.

అందరూ సముద్రం వైపే చూస్తుంటే కబురు కొండ వైపు నుంచి వచ్చింది. నాలుగు గంటలవేళ ఒక ఇసక లారీ ఆగి, అందులోంచి నలుగురు మగవాళ్లు దిగారు. గాలికి పడవ పూడిమడక వైపు కొట్టుకుపోయి అక్కడ ఒడ్డెక్కిందట. తాతబాబు నడవలేక ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని వచ్చాడు. చిట్టమ్మ లేచి నిలబడింది. అప్పుడు ఏడ్చింది. అరుగు మీదివాళ్లు ఒక్కొక్కరే లేచి, చీరలు దులుపుకుని, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. చిట్టమ్మ గాని అప్పాయమ్మ గాని వాళ్లకు ఒక్కమాటా చెప్పలేదు. వాళ్లూ ఎదురుచూడలేదు.

ఎల్లాజీ తడిసిన బట్టలతో ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చి అన్నను పట్టుకున్నాడు. తర్వాత భవానిని చూశాడు. నమ్మలేనట్టు అలాగే నిలబడిపోయాడు.

బస్సు దాకా దిగబెట్టడానికి ఆమెతో నడిచాడు.

"వాళ్లంతా ఎందుకలా కూర్చున్నారు ఎల్లాజీ?"

"దాని గురించి మాటాడకూడదండి. కూసున్నోళ్లు సెప్పుకోకూడదు, ఆ ఇంటోళ్లు అడక్కూడదు. సెప్పుకుంటే సాయం సేసినట్టయిపోతాది. అది సాయం కాదండి."

"గూళ్లు జరిపింది కూడా అందుకే చెప్పలేదా?"

"మా నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పదకొండు రోజులు ఊరోళ్లు మా అమ్మని ఒంటిగా ఒగ్గలేదు. అక్కడ ఏడో నెంబరు గూట్లోది నాలుగు రోజులు మెతుకు ముట్టలేదండి. నానెలాగ ఊరుకుంటాను?"

భవాని ఆగిపోయింది. "నిన్ను అనకూడని మాట అన్నాను. క్షమించు."

"మీ పని పాడుసేసినాను కదండీ. తప్పు తప్పే."

"తప్పే," అంది ఆమె. "చెప్పకుండా చెయ్యడం తప్పు. చేసిన పని మాత్రం తప్పు కాదు. ఇప్పుడు అదే పని నేను చెప్పి చేస్తాను. ఏ గూడు ఎటు జరిపావు, ఎన్నింటికి, అన్నీ చెప్పు."

కొబ్బరిచెట్టు కింద నిలబడి అతను చెబుతుంటే ఆమె రాసుకుంది. పదకొండు ప్రశ్నలూ అయిపోయాయి. బస్సు వచ్చి హారను కొట్టింది.

"ప్రయోగం మొదలయ్యాక చూడ్డానికి వస్తావా?"

"రానండి," అన్నాడు. "ఒంటివి కొన్నుంటాయి కదా. నానొస్తే వాటినీ జరిపీస్తాను."

ఆ రోజు మొదటిసారి ఇద్దరూ నవ్వారు.

అన్నట్టుగానే అతను నాలుగు నెలలు గుట్ట ఎక్కలేదు. ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. రక్తం డబ్బాలకు కావలసిన ఐసు తీసుకోవడానికి వారానికోసారి భవాని స్వయంగా అక్కడికి వెళ్లేది. స్వీపరును పంపితే సరిపోయే పని అది. ఆ సంగతి అతనూ అనలేదు, ఆమె కూడా అనలేదు. ఒంటి గూళ్లవాటిని చూసినప్పుడల్లా ఆమెకు మనసు చివుక్కుమనేది. పని అయిన మర్నాడే అన్నిటినీ కలిపేస్తానని వాటికి చెప్పేది. గవర్రాజు గారు ఒకసారి గుమ్మంలో నిలబడి ఆ మాటలు విని, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయారు.

మార్చి మొదటి వారంలో కార్డులొచ్చాయి. ఒంటివాటి బెంగ అలాగే ఉంది. ఆనుకున్నవాటికి ఇంచుమించు జంటలంతకు దిగింది. ఈసారి ఎవరూ కాదనడానికి లేదు. గవర్రాజు గారు థీసిస్ చిత్తుప్రతి చదువుతూ ఒకచోట పెన్సిలు ఆపారు.

"ఇక్కడ ఈ ఎల్లాజీ పేరెందుకు? ఉద్యోగంలోంచి తీసేసినవాడు. 'పరిశోధకురాలు గమనించింది' అని రాస్తే సరిపోతుంది."

"నేను గమనించలేదు సార్. ఏడో నంబరు తినకపోవడం నేను కాగితం మీద రాసుకున్నాను, అంతే. గమనించింది అతనే."

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టి, "ఉండనీ" అన్నారు.

ఆ సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ ముందు ఎల్లాజీ గోనె పట్టాలు దులుపుతున్నాడు. భవాని సంగతంతా చెప్పి, చిత్తుప్రతిలో ఆ కాగితం చూపించింది. అతను తన పేరు రాసిన చోట వేలు పెట్టి చూసుకున్నాడు.

"ఇంకోటి అడగాలి," అంది ఆమె. "నిన్ను పెళ్లి చేసుకుంటానంటే ఏమంటావు?"

"మీ నాన్నగారేటంటారండి?"

"నేను నిన్నడిగాను."

అతను సముద్రం వైపు చూసి, ఆమె వైపు చూశాడు. "నానేటంటాను? ఆగస్టు నెల నించీ అదే అంటన్నాను, మనసులో."

భవాని ఇంటికి వెళ్లేసరికి భీమశంకరరావు డ్యూటీ నుంచి వచ్చి వరండాలో బూట్లు విప్పుకుంటున్నాడు. ఆమె వాయిదా వెయ్యలేదు. వాయిదా వేస్తే ధైర్యం చాలదని తెలుసు. మొదటి నుంచీ చివరిదాకా, గూళ్లు, ఉత్తరం, యారాడ, అన్నీ నిలబడే చెప్పింది. కాంతం వంటింటి గుమ్మంలో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"సముద్రంలోకెళ్లేవాళ్ల ఇల్లు," అన్నాడు భీమశంకరరావు చివరికి. "మనవాళ్లు కాదు. చదువు ఇంటరు. ఉద్యోగం ఐసు ఫ్యాక్టరీ. ఊళ్లో మా అన్నదమ్ములు ఏమంటారో ఆలోచించావా?"

"ఆలోచించాను నాన్నా."

"ఇంజనీరు కుర్రాడికి ఏం తక్కువ?"

"ఏమీ తక్కువ లేదు. నాకు ఎల్లాజీ కావాలి."

ఆయన బూటు పక్కన పెట్టాడు. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. గూళ్లు జరిపిన సంగతి నువ్వు పట్టుకున్నావా, అతనే చెప్పాడా?"

"అతనే చెప్పాడు."

"గట్టిగా అడిగితేనా?"

"ఎవరూ అడగలేదు నాన్నా. తప్పు నాదేనని నేను ఒప్పేసుకున్నాను. ఇంక అతన్ని ఎవరూ అనుమానించరు. ఆ తర్వాత వచ్చి చెప్పాడు. చెబితే ఉద్యోగం పోతుందని తెలుసు."

భీమశంకరరావు అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. ఇనప తాళ్లు పట్టి కాయలు కాసిన చేతులు.

"వించి దగ్గర ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశానమ్మా. బరువుకి తాడు తప్పు కట్టినవాళ్లని చాలామందిని చూశాను. ఎవడూ ఒప్పుకోడు. కట్టింది వాడే, తెలిసేదీ వాడికే, అయినా నోరు విప్పడు. బరువు గాల్లోకి లేస్తుంది, కిందున్నవాడి అదృష్టం. 'ఆపండి, నేను తప్పు కట్టాను' అని తనంతట తను అరిచినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఆ పూటే వాణ్ణి పనిలోంచి తీసేశారు. ఆ రోజు బరువు కింద ఉన్నది నేను. నువ్వప్పటికి ఇంకా పుట్టలేదు."

వంటింటి గుమ్మంలో కాంతం కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ సంగతి ఆమెకూ ఇవాళే తెలిసింది.

"ఆదివారం నాకు డ్యూటీ లేదు," అన్నాడాయన లేస్తూ. "వాళ్లమ్మగారు ఇంట్లో ఉంటారా?"

భవాని అమ్మ వైపు ఒకసారి చూసింది.

"ఉంటారు నాన్నా," అంది.